బ్రేకు దగ్గర పోయే శక్తిని బ్యాటరీకి మళ్లించడం: ఒక విద్యుత్ స్కూటరు ప్రాజెక్టు డైరీ

విద్యుత్ స్కూటరుకు బ్రేకు వేసినప్పుడల్లా వేడిగా మారిపోయే శక్తిలో ఎంత భాగాన్ని నిజంగా తిరిగి వాడుకోవచ్చో కొలిచి చూడటం ఈ పని లక్ష్యం. మోటారుతోనే బండిని ఆపుతూ ఆ శక్తిని బ్యాటరీకి పంపడాన్ని రీజెనరేటివ్ బ్రేకింగ్, క్లుప్తంగా రీజెన్ అంటారు. ఇదే పని చేయదలచిన వారికి ఉపయోగపడేలా ఏ అమరిక ఎక్కడ విఫలమైందో, ఏ సంఖ్య చూసి ఏ మార్పు చేశానో దశలవారీగా రాస్తున్నాను. సంఖ్యలన్నీ ఒకే బండివి. మరో బండికి అవి మారతాయి కానీ, వాటిని రాబట్టే పద్ధతి మారదు.

బండి వివరాలు: వెనుక చక్రంలో గేర్లు లేని హబ్ మోటారు ఉంది. బండి బరువు 105 కిలోలు, నడిపే మనిషి 75 కిలోలు, మొత్తం 180 కిలోలు. చక్రం వ్యాసార్ధం 22 సెంటీమీటర్లు. బ్యాటరీలో 16 లిథియం-అయాన్ సెల్లులు వరుసగా ఉన్నాయి. దాని సామర్థ్యం 30 ఆంపియర్-అవర్లు, నిండినప్పుడు వోల్టేజి 67.2. గేర్లున్న హబ్ మోటార్లలో సాధారణంగా ఒకవైపే పట్టుకునే ఫ్రీవీల్ ఉంటుంది. అక్కడ చక్రం తిరిగినా మోటారు తిరగదు కాబట్టి దానితో ఈ పని సాధ్యం కాదు. ఏ భాగమూ కొనకముందే చూసుకోవలసిన మొదటి విషయం ఇది.

దశ 1: పై హద్దు ఎంత?

గంటకు 40 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 11.1 మీటర్లు. 180 కిలోల బండికి ఆ వేగంలో ఉండే గతిజ శక్తి 11,100 జౌళ్లు, అంటే 3.1 వాట్-అవర్లు. ఒక్కసారి ఆగినప్పుడు తిరిగి రాగలిగిన దానికి ఇదే గరిష్ఠ హద్దు. ఎంత మంచి కంట్రోలర్ (మోటారు ప్రవాహాన్ని నియంత్రించే పెట్టె) అయినా ఈ అంకెను దాటించలేదు. అదే బండి ఆ వేగంలో ఒక కిలోమీటరు నడవడానికి చక్రం దగ్గర సుమారు 20 వాట్-అవర్లు కావాలని దశ 3లో తేలింది. అంటే కిలోమీటరుకు ఒకసారి ఆగే దారిలో బ్రేకు దగ్గర పోయేది మొత్తం ఖర్చులో చిన్న భాగమే. ఈ లెక్క ముందే చేసుకుంటే ముప్పై, నలభై శాతం అదనపు దూరం వస్తుందన్న ఆశతో పనిలోకి దిగే ప్రమాదం ఉండదు.

రోడ్డు వాహనాల్లో వృథా అయ్యే శక్తికి ఇతర మూలాలు కూడా ఉన్నాయి. పెట్రోలు ఇంజనులో ఇంధనపు వేడిలో ఎక్కువ భాగం పొగగొట్టం గుండా, శీతలీకరణ ద్రవం గుండా బయటికి పోతుంది. అయితే ఆ వేడిని నేరుగా విద్యుత్తుగా మార్చే బిస్మత్ టెల్యురైడ్ పలకలు సుమారు 250 డిగ్రీల సెల్సియస్ వరకే తట్టుకుంటాయి, వాటి సామర్థ్యమూ ఐదు శాతం చుట్టుపక్కలే ఉంటుంది. షాక్ అబ్జార్బర్ల నుంచి రాబట్టగలిగింది చదునైన రోడ్డు మీద చాలా తక్కువ. బ్రేకింగ్ విషయంలో మాత్రం జనరేటరుగా పనిచేయగల మోటారు బండిలో ముందే ఉంటుంది కాబట్టి, అదనపు బరువు దాదాపు లేకుండా ప్రయత్నించగల మార్గం ఇదొక్కటే.

ఇంతవరకు లెక్క: ఒక్కో ఆగుడుకు గరిష్ఠంగా 3.1 వాట్-అవర్లు, తిరిగి వచ్చింది 0.

దశ 2: కొలిచే పరికరం

బ్యాటరీ రుణ తీగలో 100 ఆంపియర్లకు 75 మిల్లీవోల్టులు చూపే షంట్ (ప్రవాహాన్ని కొలవడానికి వాడే చిన్న నిరోధం) పెట్టాను. మొదట వాడిన చవక వాట్‌మీటరు ప్రవాహాన్ని ఒక దిశలోనే లెక్కించింది. బ్రేకు వేసినప్పుడు తెర మీద సున్నా కనిపించింది, లేదా తిరిగి వచ్చిన శక్తి కూడా ఖర్చులో కలిసిపోయింది. అందువల్ల రెండు దిశల ప్రవాహాన్ని వేర్వేరుగా కూడే ఒక చిన్న మైక్రోకంట్రోలర్ అమరికకు మారాను.

ఆ అమరికలోనూ ఒక లోపం బయటపడింది. బండి కదలకుండా, స్విచ్ ఆపి ఉన్నప్పుడు కూడా లెక్క నెమ్మదిగా పెరుగుతూ పోయింది. కారణం యాంప్లిఫైయరులో ఉన్న 50 మైక్రోవోల్టుల సున్నా దోషం. షంట్ నిరోధం 0.75 మిల్లీఓమ్‌లు కాబట్టి ఆ దోషం 0.07 ఆంపియర్ల ప్రవాహంగా, 60 వోల్టుల దగ్గర 4 వాట్లుగా కనిపిస్తుంది. వినడానికి స్వల్పమే అయినా, ఇరవై ఐదు నిమిషాల ప్రయాణంలో అది 1.7 వాట్-అవర్లు అవుతుంది. నేను కొలవదలచిన మొత్తమే ఇరవై వాట్-అవర్ల లోపు. పదో వంతు తప్పుతో తీసిన ఫలితాన్ని ఫలితం అనలేము.

సరిదిద్దిన విధానం:

1. ప్రతి ప్రయాణానికి ముందు బ్యాటరీని విడదీసి, ఒక నిమిషం పాటు సున్నా పఠనాన్ని సగటు తీసి, దాన్ని తర్వాతి పఠనాలన్నిటి నుంచి తీసివేయాలి.
2. సెకనుకు ఒక పఠనం చాలదు. సెకనుకు 20 పఠనాలు కావాలి. బ్రేకు పట్టిన మొదటి అర సెకనులోనే ప్రవాహం అత్యధికంగా ఉంటుంది.
3. బయటికి వెళ్లిన శక్తి, తిరిగి వచ్చిన శక్తి రెండు వేర్వేరు ఖాతాల్లో నమోదు కావాలి.
4. వోల్టేజిని కంట్రోలర్ దగ్గర కాకుండా బ్యాటరీ టెర్మినళ్ల దగ్గరే కొలవాలి. తీగల్లో పోయింది కూడా అప్పుడే లెక్కలోకి వస్తుంది.

నాలుగో అంశం మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. కంట్రోలర్ తెర మీద కనిపించే తిరుగు శక్తి అంకె ఆశ పెంచుతుంది తప్ప, బ్యాటరీలోకి చేరనిదాన్ని కూడా చేరినట్టు చూపుతుంది. ఈ డైరీలోని ప్రతి తిరుగు శక్తి అంకె బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర కొలిచినదే.

దశ 3: బండిని ఆపేది ఏది, ఎంత?

బ్రేకు వేయకపోయినా బండి ఆగుతుంది. దానికి కారణమైన గాలి నిరోధం, టైర్ల దొర్లుడు నిరోధం మనకు తిరిగి ఇచ్చేది ఏమీ ఉండదు. వాటిని వేరుగా తెలుసుకోవడానికి చదునైన రోడ్డు మీద 45 కిలోమీటర్ల వేగానికి వెళ్లి, థ్రాటిల్ వదిలి, బండి దానంతట అది నెమ్మదించే తీరును నమోదు చేశాను. గాలివాటం, కంటికి కనిపించని వాలు రెండూ రద్దయ్యేలా అదే రోడ్డులో ఎదురు దిశలోనూ ఇలాగే చేసి సగటు తీసుకోవాలి.

ఫలితాలు:

గంటకు 40 కి.మీ. దగ్గర మొత్తం నిరోధం 71 న్యూటన్లు. అందులో దొర్లుడు నిరోధం 26.5, గాలి 44.5.
గంటకు 10 కి.మీ. దగ్గర మొత్తం 29 న్యూటన్లు. గాలి వాటా 3 న్యూటన్ల లోపే.

దొర్లుడు నిరోధంలో మోటారు అయస్కాంతాల వల్ల కలిగే లాగుడు కూడా కలిసే ఉంది. టైర్లలో గాలి బండి చేతికి వచ్చినప్పుడు ఎంత ఉందో అంతే ఉంచాను. అది తయారీదారు సూచించిన ఒత్తిడి కంటే దాదాపు మూడో వంతు తక్కువ. మొదటి కొలతలన్నీ ఒకే స్థితిలో ఉండాలని అప్పటికి దాన్ని మార్చలేదు. దశ 9లో ఈ విషయం మళ్లీ వస్తుంది.

దశ 4: మోటారు జనరేటరుగా మారినప్పుడు

ముందుగా మోటారుకు సంబంధించిన రెండు సంఖ్యలు కావాలి. బరువు లేకుండా తిప్పినప్పుడు ఈ మోటారు 60 వోల్టుల దగ్గర గంటకు 60 కిలోమీటర్ల వేగానికి సమానంగా తిరుగుతుంది. కాబట్టి ప్రతి కిలోమీటరు వేగానికి ఒక వోల్టు పుడుతుంది. రెండో సంఖ్య చుట్టల విద్యుత్ నిరోధం. మల్టీమీటరుతో ఇంత చిన్న నిరోధాన్ని నేరుగా కొలవలేము. మోటారు చుట్టలకు వెళ్లే రెండు ఫేజ్ తీగల మధ్య స్థిరంగా 10 ఆంపియర్లు పంపి, మోటారు కొసల దగ్గర వోల్టేజి చూస్తే 1.0 వోల్టు వచ్చింది, అంటే 0.1 ఓమ్. కంట్రోలరు, తీగలు కలిపి మరో 0.05 ఓమ్. మొత్తం 0.15 ఓమ్. రాగి నిరోధం ప్రతి డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది కాబట్టి, మోటారు 60 డిగ్రీలు వేడెక్కితే చుట్టల నిరోధం దాదాపు పావు వంతు పెరుగుతుందని గుర్తుంచుకోవాలి.

40 కిలోమీటర్ల వేగంలో మోటారు పుట్టించేది 40 వోల్టులే, బ్యాటరీ వోల్టేజి 60 పైన. తక్కువ వోల్టేజి నుంచి ఎక్కువ వోల్టేజికి ప్రవాహం ఎలా వెళ్తుందన్న సందేహం సహజం. కంట్రోలరులో స్విచ్చుల్లా పనిచేసే కింది మాస్‌ఫెట్‌లు క్షణకాలం మోటారు చుట్టలను షార్ట్ చేస్తాయి. అప్పుడు చుట్టల్లో ప్రవాహం పెరుగుతుంది. అవి తెరుచుకోగానే చుట్టల ఇండక్టెన్స్ ఆ ప్రవాహాన్ని ఆగనివ్వక, వోల్టేజిని పెంచి బ్యాటరీలోకి తోస్తుంది. సెకనుకు వేలసార్లు జరిగే ఈ క్రియ వల్ల మోటారు, కంట్రోలరు కలిసి వోల్టేజిని పెంచే బూస్ట్ కన్వర్టరుగా పనిచేస్తాయి. అదనపు పరికరం అవసరం లేదు.

మొదటి అమరికలో ఫేజ్ ప్రవాహాన్ని 80 ఆంపియర్లకు పెట్టాను. బండి గట్టిగా ఆగింది, కానీ బ్యాటరీకి చేరింది ఆశించినంత లేదు. కారణం లెక్కలోనే కనిపిస్తుంది. 80 ఆంపియర్ల దగ్గర నిరోధంలో పోయేది 960 వాట్లు, అది వేగంతో తగ్గదు. మోటారు పుట్టించే శక్తి మాత్రం వేగంతో పాటు పడిపోతుంది. గంటకు 12 కిలోమీటర్ల దగ్గర పుట్టేదీ 960 వాట్లే, పోయేదీ 960 వాట్లే. అంతకంటే తక్కువ వేగంలో బ్రేకు వేస్తున్నామనుకుంటూ బ్యాటరీ నుంచి శక్తిని ఖర్చు చేస్తుంటాము.

బ్యాటరీ సగం నిండి ఉన్న స్థితిలో, 40 కిలోమీటర్ల వేగం నుంచి మోటారుతోనే ఆపి, బ్యాటరీ దగ్గర కొలిచిన సగటులు ఇవి:

20 ఆంపియర్లు: ఆగడానికి 17 సెకన్లు, తిరిగి వచ్చింది 1.40 వాట్-అవర్లు.
30 ఆంపియర్లు: 13 సెకన్లు, 1.52 వాట్-అవర్లు.
40 ఆంపియర్లు: సుమారు 10.5 సెకన్లు, 1.50 వాట్-అవర్లు.
80 ఆంపియర్లు, 12 కిలోమీటర్ల దగ్గర రీజెన్ ఆపి, మిగతాది మామూలు బ్రేకుతో: 1.25 వాట్-అవర్లు.

మరీ నెమ్మదిగా ఆపితే గాలి, టైర్లు ఎక్కువ సేపు తమ వాటా తీసుకుంటాయి. మరీ గట్టిగా ఆపితే రాగి తీగలు వేడెక్కి తినేస్తాయి. ఈ రెంటి మధ్య 30 నుంచి 40 ఆంపియర్ల దాకా ఫలితం దాదాపు సమానం. కాబట్టి ఆ పరిధిలో ఒక అంకె కోసం పట్టుబట్టనవసరం లేదు. మోటారు తక్కువ వేడెక్కుతుంది కాబట్టి 30 ఎంచుకున్నాను. ఆ ప్రవాహానికి లాభనష్టాలు సమానమయ్యే వేగం 4.5 కిలోమీటర్లు. రీజెన్‌ను 8 కిలోమీటర్ల దగ్గరే ఆపేలా అమర్చాను. అక్కడి నుంచి సున్నా వరకు మిగిలిన శక్తి అత్యల్పం, పైగా ఆ వేగంలో హబ్ మోటారు కుదుపులు చేతికి స్పష్టంగా తెలుస్తాయి.

ఇంతవరకు లెక్క: 3.1 వాట్-అవర్లలో 1.52 బ్యాటరీకి చేరింది. దాన్ని మళ్లీ మోటారుకు పంపినప్పుడు మరో ఐదో వంతు పోతుంది కాబట్టి, చక్రానికి నిజంగా తిరిగి వచ్చేది సుమారు 1.2. అంటే 39 శాతం.

దశ 5: నిండిన బ్యాటరీ, వాలు, దారి మూసేసిన బీఎంఎస్

ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ముఖ్యమైన వైఫల్యం ఇది. ఇదే పని చేయబోయేవారు మిగతావి వదిలేసినా ఈ భాగాన్ని మాత్రం పూర్తిగా చదవాలి.

బ్యాటరీ పూర్తిగా నిండి 67.2 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు వాలు దిగుతూ రీజెన్ వాడితే రెండు సంఘటనలు ఒకేసారి జరిగాయి. బ్రేకు పట్టు హఠాత్తుగా మాయమైంది, ముందు దీపం ఆరిపోయింది. నమోదులో కంట్రోలర్ వోల్టేజి ఒక్క క్షణం 88కి ఎగసింది. సెల్లుల వోల్టేజి హద్దు దాటడంతో బీఎంఎస్ (సెల్లులను కాపాడే బ్యాటరీ నిర్వహణ వ్యవస్థ) తన చార్జింగ్ ద్వారాన్ని మూసేసింది, అది చేయవలసిన పనే చేసింది. కానీ చక్రం నుంచి వస్తున్న శక్తికి వెళ్లే దారి లేకపోయింది. దీపాలకు విద్యుత్తు ఇచ్చే డీసీ కన్వర్టర్ 80 వోల్టుల వరకే తట్టుకోగలది కాబట్టి కాలిపోయింది.

ఇది ఎంత వేగంగా జరుగుతుందో లెక్క కట్టాను. కంట్రోలరులోని కెపాసిటర్లు మొత్తం 2,000 మైక్రోఫారడ్లు. వాటిని 67 వోల్టుల నుంచి వాటి హద్దు అయిన 100 వోల్టులకు తీసుకెళ్లడానికి 5.5 జౌళ్లు చాలు. తిరిగి వస్తున్నది 1,000 వాట్లైతే అందుకు 5.5 మిల్లీసెకన్లు పడుతుంది. మనిషి లీవరు వదిలే లోపు అంతా అయిపోతుంది. కాబట్టి రక్షణ కంట్రోలరులోనే ఉండాలి. నా కంట్రోలరులో అధిక వోల్టేజి హద్దు ఫ్యాక్టరీ అమరికలో 90 దగ్గర ఉంది. కెపాసిటర్లను కాపాడటానికి అది సరిపోతుంది కానీ, అదే తీగ మీద ఉన్న ఇతర పరికరాలను కాపాడదు.

చేసిన మార్పులు, వాటి కారణాలు:

1. కంట్రోలర్ అధిక వోల్టేజి హద్దును 72కు దించాను. నిండిన బ్యాటరీ వోల్టేజికి ఇది కొద్దిగా పైన, అన్ని పరికరాల హద్దులకూ కింద ఉంటుంది.
2. బ్యాటరీ వోల్టేజి 66 చేరినప్పటి నుంచి రీజెన్ క్రమంగా తగ్గి 67 దగ్గర సున్నా అయ్యేలా అమర్చాను. పట్టు ఒక్కసారిగా పోవడం కంటే మెల్లగా తగ్గడం చాలా సురక్షితం.
3. చార్జింగును సెల్లుకు 4.05 వోల్టుల దగ్గర, అంటే మొత్తం 64.8 దగ్గర ఆపుతున్నాను. బ్యాటరీ అంతర్గత నిరోధం 0.06 ఓమ్. 12 ఆంపియర్లు లోపలికి వెళ్లినప్పుడు వోల్టేజి 0.7 పెరిగి 65.5 అవుతుంది, 66 హద్దుకు చేరదు.
4. బ్యాటరీలోకి వెళ్లే ప్రవాహానికి 12 ఆంపియర్ల హద్దు పెట్టాను. సెల్లుల తయారీదారు అనుమతించిన నిరంతర చార్జింగ్ ప్రవాహం 15 ఆంపియర్లు. ఫేజ్ ప్రవాహం 30 అయినా, ఎక్కువ వేగంలో బ్యాటరీ ప్రవాహం దీన్ని దాటగలదు.
5. కాలిపోయిన కన్వర్టర్ స్థానంలో 100 వోల్టులు తట్టుకునేది పెట్టాను.

నాలుగో మార్పు వల్ల ఎంత నష్టమో కొలిచాను. గంటకు 31 కిలోమీటర్ల పైన మాత్రమే ఈ హద్దు పనిచేస్తుంది. ఒక్కో ఆగుడుకు 1.52 కాస్తా 1.48 అయింది. సెల్లుల ఆయుష్షు ముందు ఈ 0.04 లెక్కలోకి రాదు.

మరో హెచ్చరిక. కొన్ని బీఎంఎస్‌లలో చార్జింగుకు, డిశ్చార్జికి వేర్వేరు తీగలు ఉంటాయి. రీజెన్ ప్రవాహం డిశ్చార్జి తీగ గుండానే లోపలికి వస్తుంది కాబట్టి, అలాంటి బీఎంఎస్‌లో చార్జింగ్ రక్షణ దాన్ని చూడనే చూడదు. సెల్లు హద్దు దాటి నిండినా ఆపేవారుండరు. రెండు పనులకూ ఒకే తీగ ఉన్న బీఎంఎస్ లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

ఇంతవరకు లెక్క: ఒక్కో ఆగుడుకు 1.48 వాట్-అవర్లు, కాలిపోయినది ఒక డీసీ కన్వర్టర్.

దశ 6: ఇరుసు

హబ్ మోటారులో చక్రం తిరుగుతుంది, ఇరుసు తిరగకూడదు. బండిని ముందుకు తోసేటప్పుడు ఇరుసు మీద పడే మెలి ఒక దిశలో ఉంటే, రీజెన్ వేళ అది ఎదురు దిశలో ఉంటుంది. ముందున్న ఒకవైపు టార్క్ ఆర్మ్ (ఇరుసు తిరగకుండా పట్టుకునే పలక) మొదటి దిశకే గట్టిగా నిలిచింది. రెండు దిశల మెలి మార్చి మార్చి పడేసరికి ఇరుసు సన్నగా అటూ ఇటూ కదలడం మొదలై, నట్టు వదులై, ఇరుసు లోపలి నుంచి వచ్చే ఫేజ్ తీగల తొడుగు ఒకచోట ఒరుసుకుపోయింది. ఆగేటప్పుడు వినిపించే చిన్న టక్కుమనే శబ్దమే దీనికి మొదటి సూచన.

40 ఆంపియర్ల దగ్గర మెలి 32 న్యూటన్-మీటర్లు. ఇరుసు చదును అంచుల మధ్య దూరం సెంటీమీటరు మాత్రమే కాబట్టి, ఆ అంచుల మీద పడే బలం 3,000 న్యూటన్లు దాటుతుంది. మెత్తటి లోహపు ఫోర్కు దాన్ని ఎక్కువ కాలం మోయలేదు.

చేసినది: 6 మిల్లీమీటర్ల ఉక్కు పలకతో రెండు వైపులా టార్క్ ఆర్మ్‌లు, ఇరుసు చదునుకూ పలక రంధ్రానికీ మధ్య సందు లేకుండా ఆకురాయితో సరిచేయడం, నట్టు మీద పెయింటుతో గీత గీసి, ఆ గీత కదిలిందో లేదో ప్రతివారం చూడటం. ఆ తర్వాత గీత కదలలేదు.

దశ 7: సూపర్ కెపాసిటర్లు, ఎందుకు తీసేశాను

బ్యాటరీకి సమాంతరంగా సూపర్ కెపాసిటర్లు (ఎక్కువ చార్జిని వేగంగా తీసుకుని ఇవ్వగల కెపాసిటర్లు) పెడితే ఆ హఠాత్ ప్రవాహాన్ని అవి మింగుతాయన్న సలహా తరచుగా వినిపిస్తుంది. 2.7 వోల్టుల, 500 ఫారడ్ల సెల్లులు 25 వరుసగా పెడితే 20 ఫారడ్లు వస్తాయి. సమస్య ఏమిటంటే కెపాసిటర్ శక్తిని దాచుకోవాలంటే దాని వోల్టేజి పెరగాలి, పక్కనే ఉన్న బ్యాటరీ దాన్ని పెరగనివ్వదు. వోల్టేజి 62 నుంచి 62.9కి పెరిగినప్పుడు అందులో చేరేది 0.31 వాట్-అవర్లే. సామర్థ్యాన్ని పూర్తిగా వాడాలంటే మధ్యలో రెండు దిశల డీసీ కన్వర్టర్ కావాలి. అది తన వాటా నష్టాన్ని తెస్తుంది, బరువునూ తెస్తుంది. ఈ పరిమాణపు బండికి ఇది తగదని తీసేశాను. బ్యాటరీ చిన్నదై, నిమిషానికి అనేకసార్లు ఆగే బండి అయితే లెక్క వేరుగా ఉండవచ్చు.

దశ 8: లీవరు, బ్రేకు దీపం

ఎడమ లీవరుకు ఒక స్విచ్ అమర్చాను. లీవరు మొదటి ఒక సెంటీమీటరు కదలికలో రీజెన్ మాత్రమే పనిచేస్తుంది, ఆ తర్వాత మామూలు బ్రేకు పట్టుకుంటుంది. థ్రాటిల్ వదలగానే రీజెన్ మొదలయ్యే పద్ధతిని కూడా పరీక్షించి వదిలేశాను. ఈ కంట్రోలరులో రీజెన్ ఉండటం, లేకపోవడం అనే రెండు స్థితులే ఉన్నాయి కాబట్టి, వేగం కొద్దిగా తగ్గించాలనుకున్నా బండి ఆగబోయినట్టు కుదిపింది. పైగా, ముందు ఆగవలసిన పని లేనప్పుడు బండిని స్వేచ్ఛగా సాగనివ్వడమే మేలు. గతిజ శక్తిని విద్యుత్తుగా మార్చి మళ్లీ గతిజ శక్తిగా మార్చితే మిగిలేది 39 శాతం. మార్చకుండా వదిలేస్తే ఆ శక్తంతా దూరంగానే ఖర్చవుతుంది.

రీజెన్ స్విచ్ నుంచే బ్రేకు దీపానికీ తీగ లాగాలి. కార్లకు వర్తించే ఐక్యరాజ్యసమితి 13-హెచ్ నియమావళి, విద్యుత్ రీజెన్ వల్ల వేగం ప్రతి సెకనుకూ 1.3 మీ/సె కంటే ఎక్కువగా తగ్గితే బ్రేకు దీపం వెలగాలంటుంది, 0.7 నుంచి 1.3 వరకు వెలగవచ్చంటుంది. నా అమరికలో తగ్గుదల 0.85. లీవరు పట్టిన ప్రతిసారీ దీపం వెలిగేలా చేశాను. వెనుక వచ్చేవారికి బండి ఏ పద్ధతిలో ఆగుతోందన్నది అనవసరం.

మామూలు బ్రేకుల్లో దేన్నీ తీయలేదు, సడలించలేదు. రీజెన్ వెనుక చక్రానికే పరిమితం, వేగం తగ్గేకొద్దీ బలహీనపడుతుంది, బ్యాటరీ నిండితే ఉండదు. అలాంటి దాన్ని ప్రధాన బ్రేకుగా నమ్మకూడదు. తడి రోడ్డు మీద, కంకర మీద దాన్ని ఆపేయడానికి హ్యాండిల్ మీద ప్రత్యేక స్విచ్ ఉంది.

దశ 9: 12 కిలోమీటర్ల వలయం

కిలోమీటరుకు ఒకసారి గుర్తు పెట్టిన చోట ఆగుతూ, 40 కిలోమీటర్ల వేగం దాటకుండా, రీజెన్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి మార్చి మార్చి నడిపాను. అన్నీ ఒకే రోజు వరుసగా చేయకపోతే గాలి, ఉష్ణోగ్రత తేడాలే రీజెన్ లాభం కంటే ఎక్కువగా కనిపిస్తాయి. సగటులు:

రీజెన్ లేకుండా: ఖర్చు 318 వాట్-అవర్లు.
రీజెన్‌తో, అలవాటు ప్రకారం ఆలస్యంగా బ్రేకు వేస్తూ: తిరిగి వచ్చింది 13, నికరం 305.
రీజెన్‌తో, గుర్తుకు 75 మీటర్ల ముందే లీవరు కొద్దిగా పట్టుకుంటూ: తిరిగి వచ్చింది 18, నికరం 300.

పరికరంలో ఏ మార్పూ లేకుండా, ముందుచూపుతో బ్రేకు వేయడం వల్లనే 13 కాస్తా 18 అయింది. లాభం మొత్తం మీద 5.7 శాతం. 400 మీటర్లకు ఒకసారి ఆగే దారిలో ఇదే అమరిక 13 శాతం దాకా ఇచ్చింది. దారి స్వభావం చెప్పకుండా రీజెన్ లాభాన్ని శాతంలో చెప్పడం అర్థం లేనిదని ఈ రెండు అంకెలు చూపుతాయి.

ఆ తర్వాత టైర్లలో గాలిని తయారీదారు సూచించిన ఒత్తిడికి పెంచి, కోస్ట్-డౌన్ పరీక్ష (దశ 3లో థ్రాటిల్ వదిలి చేసినది) మళ్లీ చేశాను. దొర్లుడు నిరోధం 26.5 నుంచి 21 న్యూటన్లకు తగ్గింది. వలయం ఖర్చు 318 నుంచి 296కు దిగింది. ఇన్ని వారాల పని, కాలిపోయిన కన్వర్టర్, రెండు ఉక్కు టార్క్ ఆర్మ్‌ల తర్వాత రీజెన్ ఇచ్చింది 18. గాలి పంపు ఇచ్చింది 22. రీజెన్ పనికిరాదని దీని అర్థం కాదు, రెండూ కలిసి పనిచేస్తాయి. అయితే వరుస ముఖ్యం: ముందు నిరోధం తగ్గించి, ఆ తర్వాతే మిగిలిన దాన్ని రాబట్టాలి. నిరోధం తగ్గిన బండిలో ఆగే వేళ మోటారు వాటా కూడా కొద్దిగా పెరిగి, తిరిగి వచ్చింది 19 అయింది.

ఇంతవరకు లెక్క: 318 నుంచి 277 వాట్-అవర్లు. తగ్గింది 41, అందులో టైర్ల గాలి వాటా 22, రీజెన్ వాటా 19.

దశ 10: వాలు

ఐదు శాతం వాలు దిగేటప్పుడు గురుత్వాకర్షణ ఈ బండిని 88 న్యూటన్ల బలంతో లాగుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో దిగితే అందులో సగానికి పైగా గాలి, టైర్లే తినేస్తాయి. పాత గాలి ఒత్తిడితో చేసిన కొలతల్లో ఆ వేగంలో కిలోమీటరుకు 8 వాట్-అవర్లు, 20 కిలోమీటర్ల వేగంలో 11 వాట్-అవర్లు తిరిగి వచ్చాయి. అదే వాలు 30 కిలోమీటర్ల వేగంలో ఎక్కడానికి 48 ఖర్చయింది. నెమ్మదిగా దిగితే ఎక్కువ వస్తుందన్నది లెక్క చెప్పిన మాటే అయినా, కొలతలో అంత స్పష్టంగా కనిపించడం సంతోషం కలిగించింది.

పొడవైన వాలు మీద మోటారు ఉష్ణోగ్రతను కూడా చూడాలి. 10 నుంచి 14 ఆంపియర్ల ఫేజ్ ప్రవాహంలో చుట్టల్లో, కంట్రోలరులో కలిపి పోయేది 15 నుంచి 30 వాట్లే కాబట్టి ఈ బండికి ఇబ్బంది రాలేదు. ఇద్దరు ఎక్కి, వాలు ఎక్కువైతే ప్రవాహం రెట్టింపవుతుంది, వేడి నాలుగు రెట్లవుతుంది.

ప్రస్తుత అమరికలు: ఫేజ్ ప్రవాహం 30 ఆంపియర్లు, బ్యాటరీలోకి 12, రీజెన్ తగ్గడం మొదలయ్యేది 66 వోల్టుల దగ్గర, ఆగేది 67 దగ్గర, కంట్రోలర్ హద్దు 72, కనిష్ఠ వేగం 8 కిలోమీటర్లు, చార్జింగ్ 64.8 వోల్టుల వరకు.

మిగిలిన పనులు రెండు. మొదటిది, బ్యాటరీ పెట్టెలో ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టి, 5 డిగ్రీల కింద రీజెన్‌ను పూర్తిగా ఆపడం. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్న లిథియం-అయాన్ సెల్లును చార్జి చేస్తే ఆనోడ్ మీద లోహ లిథియం పేరుకుంటుంది, ఆ నష్టం తిరిగి పూడదు, బయటికి కనిపించదు కూడా. రెండోది, ఎడమ లీవరు స్విచ్ స్థానంలో హాల్ సెన్సర్ (అయస్కాంతం ద్వారా కదలికను కొలిచేది) పెట్టి, చేతి పట్టును బట్టి 5 నుంచి 30 ఆంపియర్ల దాకా ప్రవాహాన్ని మార్చడం. సెన్సర్ 0.8 నుంచి 4.2 వోల్టుల దాకా ఇస్తుంది. తీగ తెగి సున్నా వోల్టులు వచ్చినా, షార్ట్ అయి 5 వోల్టులు వచ్చినా రీజెన్ సున్నాగానే ఉండేలా ప్రోగ్రాము రాసి, బల్ల మీద పరీక్షించాకే దాన్ని బండికి ఎక్కిస్తాను.